ఓపిక లెక్క చూసుకుని విమానం ఎక్కాలి

ఈసారి విశాఖ పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. తలకి దెబ్బ తగిలి కోలుకున్న మనిషి పైకి మామూలుగానే కనిపిస్తూ, కాసేపటికే ఓపిక అయిపోయి కూలబడుతుంటే విదేశీ ప్రయాణం ఎలా చేయించాలి? మెదడు దెబ్బ తర్వాత పునరావాస చికిత్స చూసే డాక్టర్లు, థెరపిస్టులు కలిసి జవాబులు రాశారు. మందుల మోతాదు, వేళలు మార్చేది మాత్రం మీ సొంత డాక్టరే.

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. ఏడాది కిందట ఆనందపురం దగ్గర బండి మీంచి పడ్డారు. తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పుడు నడుస్తారు, మాట్లాడతారు, పేపరు చదువుతారు. కానీ పొద్దున్న పదకొండయ్యేసరికి ముఖం వాడిపోతుంది, పడుకుంటానంటారు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. జూన్ నెలాఖరుకి పురుడు. ఇద్దరినీ రమ్మంటోంది. చూసినవాళ్లంతా ‘శుభ్రంగా ఉన్నారు కదా, కూర్చునేగా వెళ్లేది’ అంటున్నారు. తీసుకెళ్లవచ్చా?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: తీసుకెళ్లవచ్చమ్మా. కానీ ‘కూర్చునేగా’ అన్న మాట నమ్మి మాత్రం కాదు.

దెబ్బ తగలక ముందు చుట్టూ ఉన్న రొదని వడకట్టడం, బోర్డులు చూసి దారి పోల్చుకోవడం, ఇద్దరు మాట్లాడుతుంటే ఒకరి మాటే పట్టుకోవడం లాంటి పనులన్నీ మెదడు తనంతట తానే చేసేసేది. ఇప్పుడు వాటిలో ప్రతిదానికీ పని కట్టుకుని శ్రమపడాలి. కాళ్లకి సంబంధం లేకుండా అలుపు వచ్చేది అందుకే. అరగంట వాకింగ్ చేసి హాయిగా వచ్చిన మనిషి పెళ్లిలో పావుగంట కూర్చునేసరికి తెల్లబోతాడు. రోజుకి గంటసేపే కుళాయి వచ్చే ఇంట్లో డ్రమ్ములో పట్టిన నీళ్లలాంటిది ఈ ఓపిక. మధ్యాహ్నానికే అడుగంటితే మళ్లీ కుళాయి వచ్చేదాకా ఆగాల్సిందే. ఎయిర్‌పోర్టు అంటే రొద, ట్యూబులైట్లు, క్యూలు, అనౌన్స్‌మెంట్లు, అడుగడుగునా ఒక నిర్ణయం. ఆయన డ్రమ్ము ఖాళీ అయ్యేది విమానంలో కంటే అక్కడే.

ముందు న్యూరోసర్జన్ అనుమతి తీసుకోండి. విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఆపరేషన్ తర్వాత పుర్రె లోపల గాలి మిగిలి ఉంటే ఆ ఎత్తులో అది దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. అందుకే ఆపరేషన్ అయిన కొత్తలో ఎక్కనివ్వరు. ఏడాది దాటిన మీ వారికి సాధారణంగా ఆ గొడవ ఉండదు. అయితే తీసిన ఎముక ఇంకా తిరిగి పెట్టకపోయినా, ఈమధ్య ఫిట్స్ వచ్చినా, కొత్తగా తలనొప్పి మొదలైనా టికెట్ కొనకముందే అడగాలి. విమాన సంస్థ అడిగితే ‘మెడిఫ్’ అనే ఫారం డాక్టరు చేత నింపించాలి. ఇంకొకటి: దూర ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వేసుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తలలో రక్తస్రావం అయిన మనిషికి అది సొంతంగా వేయకూడదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండడం చేయిస్తే సరిపోతుందో, ఇంకేమైనా కావాలో డాక్టరే చెప్పాలి.

వీసా ఇంకా కాకపోతే దాన్నీ ప్రయాణంగానే లెక్కపెట్టండి. వేలిముద్రలకి ఒక చోటు, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ఇంకో చోటు, రెండూ హైదరాబాద్‌లోనే. రెండింటికీ పక్కపక్క రోజులు తీసుకుని ఒకే మకాంలో ముగించండి. స్లాటు పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య ఉండేలా చూడండి. ఇంటర్వ్యూ తెలుగులో చేయమని అడగవచ్చు. మాట తడుముకునే మనిషికి ఇంగ్లిష్‌తో అదనపు బరువు పెట్టకండి.

తేదీ విషయంలో మా సలహా: పురుడుకి కనీసం మూడు వారాల ముందు చేరండి. వేసవిలో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. వేళలు కుదుటపడడానికి మామూలు మనిషికే గంట తేడాకి ఒక రోజు చొప్పున పడుతుంది. మీ వారికి రెండు వారాలు అనుకోండి. అది కాకముందే ఇంట్లో పసిబిడ్డ రాత్రుళ్లు ఏడవడం మొదలైతే ఆయన నిద్ర ఎప్పటికీ గాడిలో పడదు.

టికెట్: విశాఖ నుంచి న్యూయార్క్ లేదా నెవార్క్ దాకా అంతా ఒకే బుకింగ్ మీద ఉండాలి. విశాఖ–హైదరాబాద్ ముక్క విడిగా కొంటే మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది పోయినా అడిగే హక్కు ఉండదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వైపు విమానాలు చాలా వరకు తెల్లవారుజామున బయల్దేరతాయి, అంటే అర్ధరాత్రి చెకిన్. పగటి విమానం దొరికితే నాలుగైదు వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. దొరక్కపోతే విశాఖ ముక్కని విడిగా కొనక తప్పదు. అప్పుడు ముందురోజే హైదరాబాద్ చేరి, శంషాబాద్ దగ్గర గది తీసుకుని, సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా పడుకోబెట్టండి. ఒక రోజు తేడా ఉంది కాబట్టి విమానం ఆలస్యమైనా భయం లేదు. చుట్టాలింట్లో దిగితే ఆ ఐదు గంటలూ కబుర్లకే పోతాయి.

మధ్య మజిలీ మూడు నాలుగు గంటలు ఉండాలి. గంటన్నర అయితే పరుగు, తొమ్మిది గంటలైతే కుర్చీలో శిక్ష. ఎక్కువసేపు తప్పదంటే దుబాయ్, దోహా, సింగపూర్ ఎయిర్‌పోర్టుల్లో వీసా అక్కర్లేకుండా లోపలే గంటల లెక్కన గదులిచ్చే హోటళ్లు ఉన్నాయి. అబుదాబి మీదుగా వెళితే ఒక లాభం ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే, పెద్ద విమానం ఎక్కకముందే అయిపోతుంది. పద్నాలుగు గంటలు కూర్చుని దిగాక ఆఫీసరు ముందు నిలబడి ప్రశ్నలకి జవాబు చెప్పే పని తప్పుతుంది. ఇలాంటి ప్రయాణికుడికి మేం మొదట చూసే దారి అదే.

వీల్‌చెయిర్ తప్పకుండా అడగండి. ‘నడుస్తాను కదా’ అని ఆయన నొచ్చుకుంటారు. అది కాళ్ల కోసం కాదని చెప్పండి. గేటు ఎటో, ఏ క్యూలో నిలబడాలో, ఏ కాగితం ఎప్పుడు తీయాలో వెతికే పని ఇంకొకరు మోస్తారు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకి చెప్పాలి. మెట్లెక్కగలరు, దూరం నడవలేరు అన్నదానికి వాళ్ల కోడ్ డబ్ల్యూ సీ హెచ్ ఆర్. బుకింగ్‌లో ఆ అక్షరాలు పడ్డాయో లేదో ఫోన్ చేసి చదివించుకోండి. దీనిలో చిక్కు కూడా ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, రొదగా ఉండే కౌంటర్ పక్కన అరగంట వదిలేస్తారు. ‘గేటు దగ్గరికి తీసుకెళ్లి అక్కడ ఆపండి’ అని మీరే అడగాలి. దిగేటప్పుడు అందరికంటే చివరే. మజిలీకి మూడు గంటలు కావాలనడానికి అదీ ఒక కారణం.

బయల్దేరే ముందు వారం సంగతి. సర్దడం మూడు రోజుల ముందే అయిపోవాలి. ఆఖరి రెండు రోజులు ‘వెళ్లొస్తాం’ అని చెప్పడానికి ఇల్లిల్లూ తిరగడం, వాళ్లు రావడం రెండూ వద్దు. ఫోన్‌లో మీరు చెప్పండి చాలు. ముహూర్తం పట్టింపు ఉంటే మంచి వేళకి పెట్టె పక్కింట్లో పెట్టి పరస్థానం చేసుకోండి. వర్జ్యం తప్పించడానికి మనిషిని నాలుగు గంటల ముందే ఎయిర్‌పోర్టులో కూర్చోబెట్టకండి. ఆవకాయ, పొడులు, మాడుగుల హల్వా ఈసారికి కొరియర్‌లో పంపండి. అమెరికాకి తినే వస్తువులు తీసుకెళితే డిక్లేర్ చేయాలి, తనిఖీకి పక్కన నిలబెట్టి పెట్టె విప్పించవచ్చు. ఆ అరగంట ఖరీదు హల్వా కంటే ఎక్కువ.

విశ్రాంతి అలిసిపోయాక ఇచ్చేది కాదు, గడియారం చూసి ఇచ్చేది. ఇంట్లో ఆయన గంట పనికి వాడిపోతుంటే ప్రయాణంలో నలభై నిమిషాలకే పదిహేను నిమిషాలు ఆపండి. ఆపడం అంటే కళ్లు మూసుకుని, చెవుల్లో దూది లేదా ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చోవడం. ఫోన్ చూడడం విశ్రాంతి కిందికి రాదు. లాంజ్‌లో గిన్నెల చప్పుడు, టీవీ ఉంటాయి. దానికంటే విమానం లేని ఖాళీ గేటు నయం.

సీటు కిటికీ వైపు తీసుకుంటే ఎవరూ లేపరు, గోడకి తల ఆనించుకోవచ్చు. పక్కన మీరు ఉంటారు కాబట్టి బాత్రూమ్‌కి ఇబ్బంది లేదు. ముందు గోడ ఉండే మొదటి వరుస వద్దు. పసిపిల్లల ఉయ్యాలలు తగిలించేది అక్కడే. ముందుగా ఎక్కమని పిలిచినా, చేతిసంచి చిన్నదైతే చివర్లో ఎక్కడమే మేలు. లేకపోతే మూడొందల మంది భుజాలు రాసుకుంటూ పోతుంటే నలభై నిమిషాలు చూస్తూ కూర్చోవాలి. సినిమాలు ఆయనకి వద్దు. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు, మద్యం అసలే వద్దు.

దిగాక మొదటి మూడు రోజులు ఏమీ పెట్టుకోకండి. పొద్దున్న ఎండలో అరగంట నడక, మధ్యాహ్నం మూడు లోపల అరగంట మించని కునుకు, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎలాగో మేలుకుని ఉండడం. కారు అక్కడ ఆయన నడపకూడదు. వేరే వైపు ట్రాఫిక్, అలుపు రెండూ కలిస్తే ప్రమాదమే. అమ్మాయికి ముందే చెప్పి ఆయనకి విడి గది, తలుపు వేసుకునేది, ఏర్పాటు చేయించండి. బాలింత పని, ఆయన పని రెండూ మీ ఒక్కరి మీదే పడేలా ఉంటే మాత్రం వియ్యపురాలితో మాట్లాడి నెలలు పంచుకోవడం మంచిది. మేం చూసినంతలో ఇలాంటి ప్రయాణాలు చెడేది ఎక్కువగా విమానంలో కాదు, ఆ ఇంట్లోనే.

ప్రశ్న: ప్రయాణం తట్టుకోగలరో లేదో ముందే తెలుసుకునే మార్గం ఉందా? నాన్నగారిని అరకు రైల్లో తీసుకెళ్లి చూద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: పరీక్ష పెట్టాలన్న ఆలోచన సరైనదే. అరకు రైలు మాత్రం మొదటి పరీక్షకి పనికిరాదు. దారిలో 58 సొరంగాలు. చీకటి, వెలుతురు, చీకటి, ప్రతి సొరంగంలోనూ పిల్లల కేకలు. వెలుగు, చప్పుడు పడని మెదడుకి విమానం కంటే అదే కష్టం.

మూడు మెట్లుగా చేయండి. మొదట జనం ఉన్న వేళ జగదాంబ సెంటర్‌లోనో ఏదైనా మాల్‌లోనో గంటసేపు. వారం ఆగి, పొద్దున్న ఐదుకి లేపి, తయారుచేసి, రెండు మూడు గంటలు బయట తిప్పి తీసుకురండి. తర్వాత రైల్లో రాజమండ్రి వెళ్లి, చుట్టాలింట్లో కాకుండా లాడ్జిలో ఒక రాత్రి ఉండి, మర్నాడు రండి. కొత్త పక్క, కొత్త బాత్రూమ్, బయటి తిండి అన్నీ అందులో వస్తాయి.

ప్రతిసారీ ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయాలి: ఎన్నింటికి బయల్దేరారు, మొదటి గుర్తు ఎప్పుడు కనిపించింది, ఎంతసేపు పడుకుంటే తేరుకున్నారు, తర్వాతి రెండు రోజులు ఎలా గడిచాయి. మొదటి గుర్తు మనిషికొకటి. వరుసగా ఆవలింతలు, అడిగిందే అడగడం, నోటి దాకా వచ్చిన మాట దొరక్కపోవడం, ఊరికే కసురుకోవడం, ఒక కాలు ఈడ్చడం. మీ నాన్నగారిది ఏదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఆయన ‘బాగానే ఉన్నాను’ అనే మాట లెక్కలోకి రాదు, ఎందుకంటే అలుపు తెలుసుకునే శక్తి కూడా ఆ దెబ్బలో తగ్గి ఉండవచ్చు. నాలుగో అంశం అన్నిటికంటే ముఖ్యం. ఈ అలుపు చాలామందిలో ఆ రోజు బయటపడదు, మర్నాడు పడుతుంది. రాజమండ్రి నుంచి వచ్చాక రెండు రోజులు మంచం దిగలేకపోతే విదేశీ ప్రయాణం మూడు నెలలు వెనక్కి జరపండి. ఒక్క పూటలో తేరుకుంటే ముందుకి వెళ్లవచ్చు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఐదు నెలల కిందట క్రికెట్ ఆడుతూ తలకి దెబ్బ తగిలింది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. కానీ రెండు గంటలు స్క్రీన్ చూస్తే తల దిమ్మెక్కుతుంది. ఆఫీసు వాళ్లు ఐదు రోజులు సింగపూర్ మీటింగులకి పంపుతున్నారు. పగలు మెలకువ కోసం, రాత్రి నిద్ర కోసం మాత్రలు వాడుతున్నాను. తీసుకెళ్లవచ్చా?
– ఒక ఉద్యోగి, గాజువాక

జవాబు: మాత్రల సంగతి ముందు చూడండి. మన మందుల షాపులో చీటీ చూపించి కొనే నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, కోడీన్ ఉన్న నొప్పి మందులు, దగ్గు మందులు సింగపూర్‌లో నియంత్రణలో ఉంటాయి. జోల్పిడెమ్, అల్ప్రజోలమ్, క్లోనజెపామ్ లాంటివి తీసుకెళ్లాలంటే అక్కడి ఆరోగ్య శాస్త్రాల ప్రాధికార సంస్థ, హెచ్‌ఎస్‌ఏ నుంచి ముందస్తు అనుమతి కావాలి. ఆన్‌లైన్‌లో కనీసం రెండు వారాల ముందు అడగండి. మెలకువ మాత్రల మీద దేశానికో రూలు. జపాన్ లాంటి చోట్ల చాలా కఠినం. యూఏఈలో ట్రమడాల్ అనే నొప్పి మందుకీ, కోడీన్‌కీ ముందస్తు అనుమతి ఉండాలి. బ్రాండ్ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో వెతకాలి. స్ట్రిప్పుల్లోనే, చీటీతో కలిపి, చేతిసంచిలో పెట్టుకోవాలి. డబ్బాలో విడిమాత్రలు పోసుకుని వెళ్లడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఇక ప్రయాణం. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా వెళ్లే విమానం దాదాపు నాలుగు గంటలది. వేళలు మారుతుంటాయి కానీ మామూలుగా రాత్రి బయల్దేరి తెల్లారేసరికి దించుతుంది. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి నిద్రలో ఆ భాగం కూడా పోయినట్టే. హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడింటికి. పొద్దున్న ఆరుకి దిగి సూట్‌కేసుతో లాబీలో కూర్చుంటే ఆ రోజుతో పాటు మర్నాడూ పాడవుతుంది. ముందు రాత్రి నుంచే గది బుక్ చేయమని ఆఫీసుకి చెప్పండి. ఆ ఒక్క రాత్రి అద్దెకి వాళ్లు ఒప్పుకోకపోతే ఈ ప్రయాణమే వద్దనండి, మొహమాటపడకండి. మీటింగులు దిగిన మర్నాటి నుంచి పెట్టించుకోవాలి. ఎరైవల్ కార్డు దిగే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఇంటి దగ్గరే కానివ్వండి.

మీటింగులో చివరి వరుసలో, వీపు గోడకి ఆనేలా, తలుపు దగ్గర కూర్చోండి. చప్పుడు ఒక వైపు నుంచే వస్తుంది, లేచి వెళ్లడానికి ఎవరినీ దాటక్కర్లేదు. స్లైడ్లు ముందే తెప్పించుకుని కాగితం మీద అచ్చేసుకుంటే స్క్రీన్ బాధ సగం తగ్గుతుంది. హాకర్ సెంటర్లలో, అంటే అక్కడి తిండి దుకాణాల సముదాయాల్లో, ఒంటిగంటకి మన పూర్ణా మార్కెట్‌ని మించిన రొద. పదకొండున్నరకి గానీ రెండు దాటాక గానీ తినండి. లోపలికి వెళ్లగానే నల్లకళ్లద్దాలు తీసేయండి. నీడలోనూ అవే పెట్టుకుంటే కళ్లు వెలుతురుకి ఇంకా సున్నితమవుతాయి. రాత్రి డిన్నర్లు ఐదింటిలో ఒకటి ఎంచుకోండి, అది ఆఖరి రాత్రిదైతే మంచిది.

ప్రశ్న: ఫిట్స్ రాకుండా పొద్దున్న 8కి, రాత్రి 8కి మాత్ర వేసుకుంటాను. కాలిఫోర్నియా వెళుతున్నాను. అక్కడ పగలు మనకి రాత్రి కదా, మాత్రలు ఎలా మార్చాలి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: రోజుకి రెండుసార్లు వేసుకునే మాత్రకి ముఖ్యం పన్నెండు గంటల ఎడం, పగలా రాత్రా అన్నది కాదు. వేసవిలో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. మీ పొద్దున్న 8 అక్కడ ముందురోజు రాత్రి 7:30, మీ రాత్రి 8 అక్కడ పొద్దున్న 7:30. ఏమీ మార్చకుండానే సరిపోయింది. శీతాకాలంలో తేడా పదమూడున్నర, అప్పుడు 6:30 అవుతుంది. అదీ ఇబ్బంది లేదు. న్యూయార్క్ వైపు వెళ్లేవారికి వేసవిలో అదే మాత్ర 10:30కి పడుతుంది. రోజుకి అరగంట చొప్పున 8 వైపు జరుపుకోవచ్చేమో డాక్టరుని అడగండి. లండన్‌కి కూడా అదే పద్ధతి. రోజుకి ఒక్కసారే వేసుకునే మందులకి ఈ లెక్క వర్తించదు.

దారి పొడుగునా భారత కాలం చూపే మామూలు చేతిగడియారం ఒకటి ఉంచుకోండి. ఫోన్ దిగినచోటల్లా తనంతట తానే టైము మార్చేసుకుంటుంది, అలారం కూడా దాంతో జరిగిపోతుంది. డోసు తప్పితే మర్చిపోయినది కలిపి రెండు వేసుకోవద్దు. ఏం చేయాలో డాక్టరు చేత ముందే చీటీ మీద రాయించుకోండి. ఉండే రోజులకి మించి రెండు వారాల మందు అదనంగా తీసుకెళ్లండి. పెట్టెలో వేయకండి, చేతిలో ఉండాలి.

విమానం వల్ల ఫిట్స్ రావు, నిద్ర చెడితే వస్తాయి. నిద్ర పట్టడానికని జలుబు మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వేసుకోమంటారు. అది మీకు పనికిరాదు, ట్రమడాల్ కూడా. రెండూ ఫిట్స్‌ని దగ్గరికి పిలుస్తాయి.

ప్రశ్న: తలలో టైటానియం ప్లేటు ఉంది. సెక్యూరిటీలో మోగుతుందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: చిన్న టైటానియం ప్లేట్లు సాధారణంగా మోగవు. ఆపరేషన్ సారాంశం ఒక పేజీ దగ్గర ఉంచుకోండి. తలలో నీరు తీసే షంట్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. బయటినుంచి అయస్కాంతంతో సర్దే రకం అయితే ఆ కార్డు చూపించి, చేతి డిటెక్టర్‌ని వాల్వు మీద ఆనించకుండా చేత్తో తనిఖీ చేయమని అడగండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట నాకు తలకి దెబ్బ తగిలింది. లండన్‌లో ఉన్న మరిదిగారింటికి నెల రోజులు వెళుతున్నాం. తోడికోడలు చాలా మంచిది, ప్రతి శనివారం ఎవరో ఒకరిని భోజనానికి పిలుస్తుంది, ఊరంతా చూపిస్తానంటోంది. కాదంటే బాధపడుతుంది, ఔనంటే నేను పడిపోతాను.
– ఒక ఉపాధ్యాయిని, సీతమ్మధార

జవాబు: ఆవిడకి ‘నాకు అలుపు వస్తుంది’ అని చెబితే ‘అందరికీ వస్తుంది అక్కా, కాస్త టీ తాగు’ అంటుంది. అలుపు అన్న మాట ఇక్కడ పనిచేయదు. లెక్క చెప్పండి. ‘జనం మధ్య నలభై నిమిషాలు కూర్చోగలనమ్మా. దాటితే మర్నాడంతా చీకటి గదిలో పడుకోవాలి, నీ సెలవూ పాడవుతుంది. అందుకని భోజనాల దాకా ఉండి లేచిపోతాను, ఏమీ అనుకోకు.’ ఈ మాట విమానం ఎక్కకముందే, ఫోన్‌లో, మీ వారి చేత కూడా అనిపించండి. వచ్చినవాళ్ల ఎదుట చెబితే ఆవిడకి చిన్నతనం. విందులో నలుగురున్న బల్ల చివర కూర్చుంటే ఒక వైపు మాటలే వింటారు. మధ్యలో కూర్చుంటే రెండు వైపులవీ. వంటింట్లో సాయానికి వెళ్లాలనిపిస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను, మిక్సీ, నలుగురి మాటలు కలిసి ఉండే చోటు అది. కూరలు తరగడం మీ గదిలోకి తెచ్చుకుని చేయండి.

ఊరు చూడడానికి రోజుకి ఒకటే, రోజు విడిచి రోజు. పొద్దున్న పది తర్వాత బయల్దేరి రెండింటికల్లా ఇంట్లో ఉండాలి. మెట్రో రైలు రద్దీ పొద్దున్న తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. భూగర్భ మార్గాల్లో చక్రాల కీచు విపరీతం, దాని బదులు బస్సు మేలు. బ్రిటిష్ మ్యూజియం లాంటి చోట ప్రవేశం ఉచితం, వీల్‌చెయిర్ కూడా అడిగితే ఇస్తారు. డబ్బు పెట్టలేదు కాబట్టి అరగంటకే బయటికి వచ్చేసినా ఎవరికీ బాధ ఉండదు. పాతిక పౌండ్ల టికెట్ కొన్నచోట ఆ మాట చెప్పలేం. ఈ అలుపుతో వెళ్లేవాళ్లు ఉచితంగా చూసేవి ముందు, టికెట్ కొనేవి తర్వాత పెట్టుకోవాలి.

పైకి కనిపించని ఇబ్బంది ఉన్నవారికి పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉన్న ఆకుపచ్చ మెడతాడు ఇస్తారు. 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలై ఇప్పుడు ఎన్నో దేశాల ఎయిర్‌పోర్టుల్లో నడుస్తోంది. హీత్రూలోనూ ఉంది. వేసుకుంటే క్యూ తప్పుతుందని హామీ లేదు. సిబ్బంది నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి మాట్లాడతారు, అదే చాలా.

ప్రశ్న: ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పాత దెబ్బ సంగతి రాయకపోతే ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: రాయకపోతే క్లెయిమ్ కూడా రాదు. పాత జబ్బుకి సంబంధించిన ఖర్చుని చాలా పాలసీలు మినహాయిస్తాయి, ప్రాణాపాయ స్థితిలో మాత్రం ఒక పరిమితి దాకా ఇచ్చేవి ఉన్నాయి. అమెరికా వెళ్లేవారి పాలసీల్లో ‘పాత జబ్బు హఠాత్తుగా తిరగబెట్టడం’ అనే అంశం కోసం చూడండి. దానికి వయసు పరిమితి, సొమ్ము పరిమితి రెండూ ఉంటాయి. కొనేముందు ఏజెంటుని ఒక్కటే అడగండి: ‘అక్కడ ఫిట్స్ వచ్చి ఆస్పత్రిలో చేరితే ఇస్తారా?’ జవాబు మెయిల్‌లో రాయమనండి.

ప్రశ్న: పరాయి దేశంలో మనిషి మగతగా పడి ఉంటే అది మామూలు అలుపో, ప్రమాదమో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: అలుపైతే లేపితే లేస్తారు, విసుక్కున్నా సరైన జవాబిస్తారు, చీకటిగదిలో పడుకుంటే గంటలు గడిచేకొద్దీ కాస్త తేరుకుంటారు. ఇంటి దగ్గర చూసిన అలుపు లాగే ఉంటుంది. ఎప్పుడూ లేని లక్షణం కనిపిస్తే అలుపు ఖాతాలో వేయకండి.

లేపితే లేవకపోవడం, గంటగంటకీ పెరిగే తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతి, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, మూతి వంకర, మాట ముద్దగా రావడం, ఒక కంటిపాప పెద్దదవడం, ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే అంబులెన్స్ పిలవాలి. దారిలో తల దేనికైనా తగిలి ఉంటే, రక్తం పలచన చేసే మందులు వాడుతుంటే ఇంకా తొందరపడాలి. పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా చూద్దామని ఆగవద్దు.

అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. సింగపూర్‌లో అంబులెన్స్‌కి 995, యూఏఈలో 998. అమెరికాలో ఫోన్ తీయగానే ‘తెలుగు’ అన్నా దుబాసీని కలిపే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. ఇంటి చిరునామా మాత్రం ఇంగ్లిష్‌లో చదవగలిగేలా, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసి ఫోన్ పక్కనే అంటించండి.